ఊహ సాక్ష్యం చెల్లుతుందా?

సంశయవాది: ఇంగ్లండు కాల్పనిక కవులను నేను ఇష్టంగానే చదువుతాను. వాళ్లు ఊహకు కట్టబెట్టిన అధికారాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఊహ సంతోషపెడుతుంది, ఓదారుస్తుంది, అలసిన మనసుకు కాసేపు ఊపిరి పోస్తుంది. అంతవరకే అయితే పేచీ లేదు. వాళ్లు అక్కడ ఆగలేదు. ఊహ సత్యాన్ని పట్టిస్తుందన్నారు. కీట్స్ 1817 నవంబరులో బెంజమిన్ బెయిలీకి రాసిన ఉత్తరంలో ఊహను మిల్టన్ కావ్యంలోని ఆదాము కలతో పోల్చాడు. ఆదాము కలగన్నాడు, లేచి చూస్తే కలలోది కళ్లెదుట ఉంది. ఇంత పెద్ద మాటకు ఆధారం ఏమిటని అడిగితే మళ్లీ ఊహనే చూపిస్తారు. దావా వేసినవాడూ సాక్షీ ఒక్కడే అయితే ఆ సాక్ష్యం ఎలా చెల్లుతుంది?

భావుకుడు: మీ పక్షానికి పెద్దదిక్కు డేవిడ్ హ్యూమ్ కదా, ఆయన దగ్గరే మొదలుపెడదాం. 1739లో వచ్చిన 'ఎ ట్రీటైజ్ ఆఫ్ హ్యూమన్ నేచర్'లో ఆయన వేసుకున్న ప్రశ్న ఇది. నేను కళ్లు మూసుకున్నప్పుడు కూడా ఈ బల్ల ఇక్కడే ఉందని నాకెలా తెలుసు? ఇంద్రియాలు చెప్పలేవు, అవి తెగి తెగి వచ్చే ముద్రలనే ఇస్తాయి. తర్కం నిరూపించలేదు. ఆ తెగిన చోట్లను పూడ్చి, బల్ల ఒక్కటే, అది నిలిచే ఉందని మనచేత నమ్మించేది ఊహేనని హ్యూమ్ తేల్చాడు. నిప్పు కాలుస్తుందన్న నమ్మకం కూడా చూసి చూసి ఊహకు పడిన అలవాటే. కవులు ఊహను నెత్తికెత్తుకోక ముందే మీ సంశయవాది దాన్ని లోకానికి పునాదిగా చూపించి పోయాడు. ఊహ సాక్ష్యం చెల్లదంటే కవితతోపాటు ఈ బల్ల కూడా పోతుంది.

సంశయవాది: హ్యూమ్ ఆ మాటను ఊహను పొగడటానికి చెప్పలేదు. మన నమ్మకాల కింద గట్టి నేల లేదని చెప్పటానికి చెప్పాడు. పైగా ఆయన ఊహలో రెండు రకాలు విడదీశాడు. అందరిలో ఒకేలా పనిచేసే, వద్దన్నా ఆగని ఊహ ఒకటి. నిప్పు కాలుస్తుందన్నది దానివల్లే. మనిషి మనిషికీ మారేది, నిలకడ లేనిది ఇంకొకటి. చెట్టులో ఆత్మను, కొండలో దైవాన్ని చూసేది అదే. మొదటిది లేకపోతే బతకలేం. రెండోది లేకపోయినా బతుకుతాం. కాల్పనికులు మొదటిదాని పరపతిని రెండోదానికి తగిలించారు. హ్యూమ్ ఆ మొదటి సంపుటం చివర ఎంత దిగులులో పడ్డాడో మీకు తెలుసు. దేన్నీ నమ్మలేని స్థితి. అందులోంచి బయటపడింది ఏ దర్శనంతోనూ కాదు. స్నేహితులతో కలిసి భోంచేశాడు, బ్యాక్‌గామన్ ఆడాడు, కబుర్లు చెప్పుకున్నాడు. తిరిగివచ్చి చూస్తే తన తర్కాలన్నీ చల్లగా, కృతకంగా కనిపించాయని నిజాయితీగా రాశాడు. కవులు అదే అంచుదాకా వెళ్లి వచ్చి, అక్కడ తమకేదో కనిపించిందంటారు.

భావుకుడు: అందరూ అలా అనలేదు. వర్డ్స్‌వర్త్ 1843లో, డెబ్భై దాటాక, స్నేహితురాలు ఇసబెల్లా ఫెన్విక్‌కు తన కవితల వెనక కథలు చెప్పి రాయించాడు. అందులో చిన్ననాటి సంగతి ఒకటి ఉంది. బడికి వెళ్తూ ఉంటే బయటి వస్తువులు బయట లేవు, అన్నీ తనలోనే ఉన్నాయి అనిపించేదట. భయపడి గోడనో చెట్టునో గట్టిగా పట్టుకునేవాడట. ఏ తత్వగ్రంథమూ చదవని వయసులో ఆ సందేహం అతని ఒంట్లోకి వచ్చింది. హ్యూమ్‌ను లోకంలోకి తిరిగి తెచ్చింది స్నేహితులూ ఆటా అయితే, ఈ పిల్లవాణ్ణి తెచ్చింది గోడ. ఈ ఇద్దరి మధ్య మీరు గీసిన గీత నాకు కనిపించటంలేదు. ఇంకో సంగతి. ఈ అనుభవంలోంచి వచ్చిన కవిత, 1807లో అచ్చయిన అమరత్వ గీతం, బాల్యంలోని ఆనందానికి కృతజ్ఞత చెప్పదు. బయటి లోకం మీద బాల్యంలో కలిగిన ఆ సందేహాలకే చెప్తుంది. సందేహానికి మొక్కిన కవిని ఊహకు బానిస అనటం న్యాయం కాదు.

సంశయవాది: ఆ గోడ సంగతి నన్నూ కదిలిస్తుంది, ఒప్పుకుంటాను. కాని ఆ కవిత ఆ సందేహంతో ఏం చేసిందో కూడా చూడండి. లోకం ఉందో లేదో అనుమానం వచ్చింది కాబట్టి నేను వేరే లోకంనుంచి వచ్చి ఉంటాను, పుట్టకముందు నా ఆత్మ వెలుగులో ఉండి ఉంటుంది అనే దాకా వెళ్లింది. తెలియదు అన్న చోటునుంచి తెలుసు అన్న చోటికి ఒక్క దూకు. మధ్యలో మెట్టు లేదు.

భావుకుడు: ఆ దూకు గురించి ఆయనే, ఫెన్విక్‌కు చెప్పి రాయించిన ఆ మాటల్లోనే, సంజాయిషీ ఇచ్చాడు. పుట్టకముందే ఆత్మ ఉందన్నదాన్ని మతంలా బోధించాలన్నది తన ఉద్దేశం కాదని, మనుషుల్లో అనాదిగా ఉన్న ఒక భావనను కవిగా వాడుకున్నానని. అంతకు చాలా ముందు, 1798లో టింటర్న్ ఆబీకి కొద్ది మైళ్ల ఎగువన వై నదిని చూసి రాసిన కవితలో కూడా, జగత్తు ప్రాణాన్ని చూశానన్న మాట అన్న మరుక్షణం, ఇది వట్టి నమ్మకమేనేమో అని ఆగుతాడు. ఆ ఆగటం లేకపోతే ఆ కవిత మీద నాకు ఇంత ప్రేమ ఉండేది కాదు.

సంశయవాది: నాకు అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఒక క్షణం ఆగి, అనుమానపడ్డానని నమోదు చేయించుకుని, మళ్లీ అదే దారిన వెళ్లిపోవటం సులువు. ఆ ఆగినదానివల్ల తరవాతి పాదాల్లో ఏదైనా మారిందా? సందేహం మనిషిని వెనక్కి తిప్పాలి, కనీసం నడక తగ్గించాలి. ఇక్కడ అది ఎత్తుకు ఎగిరే ముందు తీసుకున్న ఊపిరి అయింది.

భావుకుడు: వెనక్కి తిప్పిన సందేహమే కావాలంటే కోల్‌రిడ్జ్ ఉన్నాడు. తత్వశాస్త్రమంటే ఎంత పిచ్చి అంటే పెద్దకొడుక్కి హార్ట్‌లీ అని, రెండోవాడికి బార్క్‌లీ అని తత్వవేత్తల పేర్లు పెట్టుకున్నాడు. 1798లో జర్మనీ వెళ్లి గోటింగెన్‌లో చదివాడు. కాంట్‌ను ఇంగ్లీషువాళ్లకు మోసుకొచ్చినవాళ్లలో ఒకడయ్యాడు. కాంట్ 1781లో చెప్పింది మీకు గుర్తు చేయనక్కరలేదు. అనుభవమనేది ఏర్పడాలంటేనే ఊహ పని చేసి తీరాలి. ఆ మీద 1790లో మరొకటి చెప్పాడు. మహా పర్వతం ముందు ఊహ దాన్నంతటినీ ఒక్కసారిగా పట్టుకోవాలని చూసి ఓడిపోతుంది, ఆ ఓటమిలోనే మనిషికి తనలో ఊహకు మించినది ఉందని తెలుస్తుంది. ఊహకు ఎల్ల ఉందన్నది కాల్పనికులకు దెబ్బ కాదు, వాళ్ల తత్వంలో ఒక భాగం.

సంశయవాది: కాంట్ దాన్ని బుద్ధికి విజయం అన్నాడు. కవులు అదే ఓటమిని ఊహకే విజయమని రాసుకున్నారు. వర్డ్స్‌వర్త్ 1790లో, ఇరవై ఏళ్ల వయసులో, రాబర్ట్ జోన్స్ అనే స్నేహితుడితో ఆల్ప్స్ దాటటానికి కాలినడకన వెళ్లాడు. సింప్లాన్ కనుమ దగ్గర ఏదో మహాదృశ్యం ఎదురవుతుందని ఆశపడ్డాడు. ఒక పల్లెటూరి మనిషి చెప్తే తెలిసింది, తాము ఎప్పుడో దాటేశారని. పద్నాలుగేళ్ల తరవాత 'ది ప్రెల్యూడ్'లో ఆ నిరాశ దగ్గరికి వచ్చేసరికి, ఉన్నట్టుండి ఊహాశక్తికి జేజేలు పలికాడు. లేనిదాన్ని ఆశ పెట్టి మోసం చేసింది ఏదో, దానికే దండ వేశాడు.

భావుకుడు: ఆ నిరాశను దాచకుండా చెప్పింది కూడా ఆయనే కదా.

సంశయవాది: చెప్పాడు. ఇక కోల్‌రిడ్జ్ సంగతి. 1817లో 'బయోగ్రఫియా లిటరేరియా' పదమూడో అధ్యాయంలో ఊహ అంటే ఏమిటో తేలుస్తానన్నాడు. మనం లోకాన్ని చూడటమే ఈశ్వర సృష్టికి మనలో జరిగే చిన్న ఆవృత్తి అన్నాడు. దానికి రుజువు? రుజువు రావలసిన చోట ఒక మిత్రుడి ఉత్తరం వస్తుంది, ఇంత కఠినమైన వాదన పాఠకులు భరించలేరు, వదిలెయ్యమని సలహా ఇస్తూ. ఆ ఉత్తరం కోల్‌రిడ్జే రాసుకున్నాడు. అంతకుముందు అధ్యాయంలో షెల్లింగ్ వాక్యాలు పేరు చెప్పకుండానే దిగాయి. కవులు ఊహ మీద కట్టిన సిద్ధాంతానికి నడిమి రాయి ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

భావుకుడు: ఆ ఖాళీని నేను సమర్థించను. కాని 1817 నాటి సిద్ధాంతకర్తను పక్కన పెట్టి 1802 నాటి మనిషిని చూడండి. విషాద గీతం రాసినవాణ్ణి. ఆ రాత్రి ఆకాశం, నక్షత్రాలు, నెలవంక అన్నీ ఎదుట ఉన్నాయి. అవి అందంగా ఉన్నాయని కళ్లకు తెలుస్తోంది, మనసుకు తగలటంలేదు. మనం ఇచ్చిందే ప్రకృతి మనకు తిరిగి ఇస్తుంది, మన దగ్గర లేనప్పుడు దాని దగ్గరా ఉండదు అని ఆయన తెలుసుకున్నాడు. ఆ కవిత మొదట ఏప్రిల్‌లో, తాను ప్రేమించిన సారా హచిన్సన్‌కు రాసిన పద్య లేఖ. అక్టోబరు 4న, వర్డ్స్‌వర్త్ పెళ్లి రోజున, పత్రికలో అచ్చయింది. ఊహ తనలో ఎండిపోయిందని ఇంత నేరుగా చెప్పిన కవితను కాల్పనికోద్యమం దాచిపెట్టుకోలేదు, నెత్తిన పెట్టుకుంది.

సంశయవాది: అది గొప్ప కవితే. అది నా పనే చేస్తుంది. ప్రకృతి తనను ప్రేమించినవాణ్ణి ఎప్పుడూ వంచించదన్నది వర్డ్స్‌వర్త్ నమ్మకం. ప్రకృతి తనంతట తాను ఏమీ ఇవ్వదన్నది కోల్‌రిడ్జ్ అనుభవం. ఇద్దరూ స్నేహితులు, ఒకే కొండల మధ్య తిరిగారు, ఇద్దరూ ఊహనే నమ్ముకున్నారు. సరిగ్గా ఎదురెదురు మాటలతో తిరిగివచ్చారు. పాత గ్రీకు సంశయవాదుల పద్ధతిని సెక్స్టస్ ఎంపిరికస్ రాసి పెట్టాడు. సమాన బలమున్న రెండు సాక్ష్యాలు ఎదురుబొదురుగా నిలిచినప్పుడు తీర్పు ఆపటమే మర్యాద అని. ఇంకా స్పష్టమైన ఉదాహరణ అదే 1802 సెప్టెంబరులో ఉంది. షామోనీ లోయలో సూర్యోదయం ముందు నిలబడి మాంట్ బ్లాంక్ దేవుణ్ణి కీర్తించటం విన్నట్టు కోల్‌రిడ్జ్ స్తోత్రం అచ్చువేశాడు. ఆయన ఆ లోయకు ఎన్నడూ వెళ్లలేదు. ఫ్రెడరికా బ్రున్ అనే కవయిత్రి జర్మన్ కవితను, ఆమె పేరు చెప్పకుండా, పెంచి రాశాడు. 1816 జులైలో షెల్లీ నిజంగానే అక్కడికి వెళ్లాడు. అదే కొండ ముందు అతనికి దేవుడు వినిపించలేదు. అక్కడి విడిది పుస్తకాల్లో తనను నాస్తికుడని గ్రీకులో రాసుకున్నాడు. ఒక కొండ, రెండు ఊహలు. దేన్ని నమ్మమంటారు?

భావుకుడు: షెల్లీని నమ్మమంటాను. అతను వెళ్లినందుకు మాత్రమే కాదు, అక్కడ ఏం చేశాడో దానికి. షెల్లీ మీవాడే. నాస్తికత్వం మీద కరపత్రం వేసి 1811లో ఆక్స్‌ఫర్డ్‌నుంచి బయటికి పంపబడ్డవాడు. హ్యూమ్‌ను చదివాడు, విలియం డ్రమండ్ 1805లో వెలువరించిన సంశయవాద గ్రంథాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. మాంట్ బ్లాంక్ మీది కవితలో మనసుకూ లోకానికీ మధ్య ఏది ఇస్తోందో ఏది పుచ్చుకుంటోందో తేల్చకుండా చివరిదాకా నడిపాడు. చివర ఒక ప్రశ్నతో ఆపాడు. మనిషి ఊహకు ఆ నిశ్శబ్దం వట్టి శూన్యమే అయితే, ఈ కొండకూ నేలకూ సముద్రానికీ అర్థమేముంటుందని కొండనే అడిగాడు. సిద్ధాంతం చెప్పలేదు, దేవుణ్ణి తేలేదు.

సంశయవాది: ఆ ప్రశ్నకు నేను తలవంచుతాను. కాల్పనిక కవిత్వంలో నా వాళ్లు రాసినట్టు అనిపించే కవిత అదొక్కటే. మన తెలుగు సంగతి ఇక్కడ ఒక్క మాట. కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్నాం. భావకవులు అక్కడినుంచి స్వేచ్ఛాకాంక్షను, వేదనను, ప్రకృతి ప్రేమను ఎంతో అందంగా తెచ్చుకున్నారు. డ్రమండ్‌ను చదివిన షెల్లీ మాత్రం ఇక్కడికి రాలేదు. సందేహం తీసేసిన షెల్లీ మనకు అందాడని నాకు బాధ.

భావుకుడు: ఆ బాధ నాకూ ఉంది. కాని ఆ ప్రశ్న మీ మీదికి కూడా వస్తుందని గమనించారా? నిశ్శబ్దాన్ని శూన్యమని తీర్మానించటం కూడా ఊహ చేసే పనే. ఏమీ లేదు అనటానికి, ఏదో ఉంది అనటానికి, రెండింటికీ కొండ సాయం పట్టదు.

సంశయవాది: నేను శూన్యమనలేదు. తెలియదన్నాను. ఆ రెంటి మధ్య తేడాను జీవితమంతా కాపాడుకోవటమే నా పని.

భావుకుడు: తెలియని చోట చిరాకుపడకుండా ఉండగలగటమే పెద్ద కవికి ఉండాల్సిన గుణమని కీట్స్ 1817 డిసెంబరులో తమ్ముళ్లకు రాశాడు, ఆదాము కల ఉత్తరం రాసిన నెలకే. అంటే మీ పనే అతను కవికి అప్పజెప్పాడు. ఆ తరవాత ఏం జరిగిందో చూడండి. గైస్ ఆసుపత్రిలో వైద్యం చదివినవాడు, రోగమంటే ఏమిటో తెలిసినవాడు. తమ్ముడు టామ్‌కు క్షయ వస్తే దగ్గరుండి సేవ చేశాడు. 1818 డిసెంబరు 1న టామ్ పోయాడు. మరుసటి వసంతంలో బుల్బుల్ పిట్ట మీద గీతం రాశాడు. ఆ పాట వెంట ఊహ అతన్ని చావులేని చోటికి తీసుకుపోతుంది. అక్కడినుంచి ఒక్క మాట అతన్ని తన ఒంటరితనంలోకి లాక్కొస్తుంది. ఊహ చేసే మాయకు ఉన్న పేరుకీ దాని సత్తాకీ పొంతన లేదని పిట్ట ముందే ఒప్పుకుంటాడు. తాను మేలుకుని ఉన్నాడో నిద్రలో ఉన్నాడో తెలియకుండానే ముగిస్తాడు. ఆదాము లేచి చూస్తే కల నిజమై ఉంది. కీట్స్ లేచి చూస్తే ఏమీ లేదు. ఏడాదిన్నర కిందట తాను చెప్పిన మాటను తానే పరీక్షకు పెట్టి, ఓడిపోయిందని అచ్చు వేసుకున్నాడు. ఇంతకంటే నిజాయితీ ఏ తత్వవేత్త దగ్గర ఉంది?

సంశయవాది: ఇది మీ వాదాల్లో బలమైనది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నన్ను వేధించేది ఒక్కటుంది. ఆ గీతం చదివి లేచినవాళ్లెవరికీ ఊహ ఓడిపోయిందన్న భావం మిగలదు. మిగిలేది ఆ తోట చీకటి, ఆ పూల వాసన, ఆ పాట. సందేహాన్ని అంత శ్రుతిలో పాడితే అది సందేహంగా నొప్పి పెట్టదు, అదొక రుచి అవుతుంది. ఓటమిని ఇంత అందంగా చెప్పగలిగిన శక్తి నిజానికి ఓడిపోలేదు. కాబట్టి పరీక్ష జరిగిందని మీరంటున్నది నాకు అనుమానమే.

భావుకుడు: హ్యూమ్ గద్యం అందమైనదే. అందంగా రాశాడు కాబట్టి ఆయన దిగులు అబద్ధమంటారా?

సంశయవాది: అనను. కాని హ్యూమ్ వాదనను వికారమైన గద్యంలో తిరగరాసినా వాదన నిలుస్తుంది. బుల్బుల్ గీతంలోంచి శ్రుతి తీసేస్తే ఏం మిగులుతుంది? కీట్స్‌కే ఈ అనుమానం వచ్చింది. అదే ఏడాది 'ది ఫాల్ ఆఫ్ హైపీరియన్'లో మొనేటా అనే దేవత అతన్ని మెట్ల మీద నిలబెట్టి, నువ్వు కవివా, వట్టి కలలు కనేవాడివా అని నిలదీస్తుంది. కవి లోకానికి మందు, కలలు కనేవాడు లోకానికి పీడ. తేడా ఎలా తెలుస్తుంది? సెప్టెంబరులో ఆ కావ్యాన్ని వదిలేశాడు. తెలియక వదిలాడని నేననను, మిల్టన్ నుడికారం మరీ ఎక్కువైందని తనే కారణం చెప్పాడు. షెల్లీ 'ది ట్రయంఫ్ ఆఫ్ లైఫ్' జీవితమంటే ఏమిటన్న ప్రశ్న దగ్గరే తెగిపోవటాన్ని కూడా నా వైపు సాక్ష్యంగా వాడుకోను. 1822 జులై 8న షెల్లీ సముద్రంలో మునిగిపోయాడు కాబట్టి అది అక్కడ ఆగింది. కాని మొనేటా అడిగిన తేడాకు కొలత ఏదని మిమ్మల్ని అడుగుతాను.

భావుకుడు: కొలత ఎదుటి మనిషి. షెల్లీ 1821లో కవిత్వాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసంలో నేను ఎన్నటికీ వదులుకోలేని మాట ఒకటుంది. మంచివాడు కావాలంటే మనిషి గాఢంగా ఊహించగలగాలి, ఇంకొకరి స్థానంలో, అనేకుల స్థానంలో తనను పెట్టుకోగలగాలి, వాళ్ల నొప్పి తన నొప్పి కావాలి అని. ఎదుటివాడికి మనసు ఉందని తర్కంతో మీరు నిరూపించలేరు. నేనూ నిరూపించలేను. అయినా అతని బాధ నాకు తగులుతుంది. ఆ దూరాన్ని దాటించేది ఊహే. కల కనేవాడి ఊహ తన దగ్గరే తిరుగుతుంది. కవి ఊహ ఇంకొకరి దగ్గరికి చేరుతుంది.

సంశయవాది: సరే, ఒక నిజమైన మనిషిని తీసుకుందాం, చేరిందో లేదో చూద్దాం. 1800 శరత్తులో వర్డ్స్‌వర్త్, చెల్లెలు డొరొతీ గ్రాస్మియర్‌లో తమ ఇంటి దగ్గరి దారిలో ఒక ముసలాయన్ని కలిశారు. ఆల్ప్స్‌కు వెంట వెళ్లిన ఆ జోన్స్‌నే సాగనంపి వస్తున్నారు అప్పుడు. ముసలాయన దాదాపు రెండుగా వంగిపోయి ఉన్నాడు. డొరొతీ అక్టోబరు 3న డైరీలో రాసుకుంది. వైద్యులకు జలగలు పట్టి అమ్మటం అతని వృత్తి. జలగలు దొరకటం తగ్గిపోయింది, పట్టే ఓపికా పోయింది. వందకు రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు ఉన్న ధర ముప్ఫై షిల్లింగులకు పెరిగింది, అతనికి ఏం లాభం? బండి తోలుతూ పడితే కాలు విరిగింది, పుర్రె పగిలింది. పదిమంది పిల్లలు పుట్టారు. ఒక్కడు తప్ప అందరూ పోయారు. ఆ ఒక్కడు నావికుడు, ఏళ్ల తరబడి కబురు లేదు. అడుక్కుని బతుకుతున్నాడు. కార్లైల్ వెళ్లి నాలుగు భక్తి పుస్తకాలు కొని అమ్ముకుందామని పోతున్నాడు. 1802లో వర్డ్స్‌వర్త్ అతని మీద కవిత రాశాడు. అందులో దారి లేదు, ఒంటరి బీడు భూమి ఉంది. చెల్లెలు లేదు. పదిమంది పిల్లలు లేరు. అతను అడుక్కోవటంలేదు, ఇంకా ఓపికగా జలగలు పడుతున్నాడు. తన భవిష్యత్తు గురించి బెంగపడుతున్న కవికి ధైర్యం ఇవ్వటానికి పంపిన మనిషిలా నిలబడ్డాడు. ఇదేనా ఇంకొకరి స్థానంలోకి వెళ్లటం?

భావుకుడు: ఈ కవితను మీరు తెస్తారనే అనుకున్నాను. దీని గురించి చాలాకాలంగా నాలో నాకే వాదన నడుస్తోంది. ముందు కవిత పక్షాన చెప్పనివ్వండి. అందులో కవి ముసలాయన్ని ఏం చేసి బతుకుతావని అడుగుతాడు. అతను చెప్తూ ఉండగానే కవి మనసు ఎటో వెళ్లిపోతుంది, మాటలు వినిపించవు, ముసలాయన కలలో మనిషిలా కనిపిస్తాడు. మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. ముసలాయన చిరునవ్వుతో మళ్లీ చెప్తాడు. లూయిస్ క్యారల్ తరవాత ఎంతో వెటకారం చేశాడు దీన్ని, వినని కవి అని. కాని వినలేదన్న సంగతి క్యారల్ కనిపెట్టలేదు, వర్డ్స్‌వర్తే రాశాడు. ఊహ ఎదుటి మనిషిని మింగేయబోతుంటే ఆ మనిషి గొంతు మళ్లీ మళ్లీ అడ్డుపడటం ఆ కవితలో ఉంది. ఊహకు ఎల్ల ఏదో ఇంత స్పష్టంగా చూపించిన కవిత నేనెరగను. విషాద గీతం మొదటి రూపం వెలువడిన వెంటనే, మే నెలలో, దానికి జవాబుగా మొదలైంది ఇది. ప్రకృతి మన ప్రతిబింబమే అన్న స్నేహితుడికి, కాదు, మన తలపుకు లొంగని మనిషి ఒకడు ఉన్నాడని చూపించటం.

సంశయవాది: అడ్డుపడ్డ గొంతు కూడా కవి రాసిందే. అసలు గొంతు ఏం చెప్పిందో డైరీలో ఉంది. అడుక్కుంటున్నానని చెప్పింది. దాన్ని తీసేశాడు.

భావుకుడు: తీసేశాడు. దానికి నేను చెప్పుకునే సమాధానం, ఆ ముసలాయన మీద పాఠకుడు జాలిపడి పక్కకు తప్పుకోకూడదని, అతన్ని తలెత్తి చూడాలని అలా చేశాడని. ఆ ముసలాయన మాటలు విసుగ్గా ఉన్నాయని సారా హచిన్సన్ అంటే వర్డ్స్‌వర్త్ జూన్‌లో ఆమెకు కోపంగానే ఉత్తరం రాశాడు. అంత పట్టింపు ఉంది ఆయనకు. అయినా ఒప్పుకుంటాను. చెయ్యి చాచిన మనిషికి గౌరవం ఇవ్వటానికి ఆ చెయ్యి కనపడకుండా చేయాల్సి వచ్చిందంటే, ఆ గౌరవంలో ఏదో లోపం ఉంది.

సంశయవాది: లోపం ఆ కవిదని కాదు నా మాట. ఊహ గట్టిగా పనిచేసినప్పుడల్లా జరిగేది అదే అంటున్నాను. ఊహ తనకు కావలసిన మనిషిని తయారుచేసుకుంటుంది. ఎదుటివాడికి ఏం కావాలో అన్న చోటికి వచ్చేసరికి ఆగిపోతుంది.

భావుకుడు: మరి డొరొతీ చేసింది ఊహ కాదా? వందకు ముప్ఫై షిల్లింగులన్నది వట్టి అంకె. కాలు విరిగిన ముసలాడికి ఆ అంకె ఏమిటో ఊహించలేనివాళ్లు దాన్ని రాసుకోరు. నావికుడైన కొడుకు దగ్గర్నుంచి కబురు లేదన్న మాటను ఇంటికి వచ్చాక కూడా గుర్తుంచుకుని రాయాలంటే, ఆ కబురు కోసం చూసేవాడిలోకి కాసేపు వెళ్లి ఉండాలి.

సంశయవాది: వెళ్లి ఉంటుంది. ఆమె ఊహ అతను చెప్పినదాన్ని పట్టుకుని నడిచింది. అన్నగారి ఊహ తన బెంగను పట్టుకుని నడిచింది. పదిహేడేళ్లకే పోయిన చాటర్టన్, ముప్ఫై ఏడేళ్లకు పోయిన బర్న్స్, వాళ్ల గతి తనకూ పడుతుందేమోనన్న భయం. ఆ భయంతోనే ముసలాయన్ని చూశాడు. ఒకే దారిలో ఇద్దరూ నిలబడ్డారు. కావ్యం రాయాలన్న ఆలోచన లేని మనిషి పదిమంది పిల్లలను లెక్కపెట్టుకుంది.

భావుకుడు: అయితే షెల్లీ మాట వర్డ్స్‌వర్త్ దగ్గర తడబడినా డొరొతీ దగ్గర నిలబడింది. ఊహ ఇంకొకరి దగ్గరికి చేరగలదు, మీరే చూపించారు.

సంశయవాది: డైరీలో చూపించాను. మనం మాట్లాడుకుంటున్నది కవిత్వం గురించి. మీరు కవిత్వాన్ని వదిలేసి డైరీ వైపు వచ్చారు.

భావుకుడు: ఆ కవిత 1807లో అచ్చయింది. ఆ డైరీ పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా చీకట్లో ఉంది. జలగల ముసలాయన మీద ప్రేమ పుట్టించి, అతనెవరని మనల్ని వెతికించింది కవితే. వెతికాక దొరికిన డైరీతో కవితను మీరు తప్పుపడుతున్నారు, పట్టండి. కాని అన్న రాసింది కవిత్వం, చెల్లెలు రాసింది కాదు అన్న హద్దు ఎవరు పెట్టారు? ఆ హద్దును నేను ఒప్పుకోను.

సంశయవాది: ఆ హద్దు చెరిపేస్తే, కొండలో ఆత్మను చూసిన ఊహకూ దారిలో మనిషి మాట విన్న ఊహకూ మళ్లీ ఒకటే పేరు పెట్టినట్టవుతుంది. మొదటిదాని గొప్పలన్నీ రెండోదాని పుణ్యాన చెల్లిపోతాయి. నేను మొదట అభ్యంతరం చెప్పింది అందుకే.

భావుకుడు: పుణ్యం పంచమనటంలేదు. విన్న చెల్లెలూ వినని అన్నా ఒకే ఇంట్లో, ఒకరి రాతలు ఒకరు చదువుకుంటూ బతికారు. ఆ వినకపోవటాన్ని రాయగలగటం ఆమె దగ్గరే నేర్చుకున్నాడేమో. అలా అనుకోవటానికి నా దగ్గర రుజువు లేదు. కాని మీరు గీసిన హద్దుకు రుజువు మీ దగ్గర ఉందా?